వెంటాయ్, రూఫస్, డీడీ: బూటబుల్ పెన్‌డ్రైవ్‌కి ఏది, ఎప్పుడు

వెంటాయ్, రూఫస్, డీడీ మూడూ, కంప్యూటర్ నేరుగా పెన్‌డ్రైవ్ నుంచే లేచేలా (బూట్ అయ్యేలా) ఆ పెన్‌డ్రైవ్‌ని తయారుచేసే టూల్స్. తీర్పు ముందే చెప్పేస్తా, టైమ్ లేనివాళ్లు ఈ పేరా చదివి వెళ్లిపోవచ్చు. బ్యాగులో ఎప్పుడూ ఒకటే పెన్‌డ్రైవ్ ఉంచుకునేవాళ్లు వెంటాయ్ వేసుకోండి. ఒక్క మెషీన్‌లో విండోస్ ఎక్కించడమే పని అయితే రూఫస్. లైనక్స్ వాడేవాళ్లకి డీడీ ఎలాగూ చేతిలోనే ఉంటుంది, కాకపోతే నిద్రమత్తులో మాత్రం దాని జోలికి పోవద్దు. ఇవన్నీ ఉచితమే, కాబట్టి డబ్బుల గొడవ లేదు. అసలు నా బాధల్లా ఏంటంటే, ఈ మూడింట్లో ఏది గొప్పదని జనం తెగ వాదించుకుంటారు గానీ, పెన్‌డ్రైవ్ బూట్ అయ్యాక వచ్చే నల్ల స్క్రీన్ మీద ఏం టైప్ చేయాలో చాలామందికి తెలీదు. బూట్ అవడంతో సగం పనే అయినట్టు. అందుకే కమాండ్ లైన్ టూల్స్ గురించి కూడా ఇక్కడే కలిపి రాస్తున్నా.

వెంటాయ్ 2020లో వచ్చింది. అంతకుముందు మనలో చాలామంది లెక్క ఒక ఐఎస్‌ఓకి (ఓఎస్ డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండేది) ఒక పెన్‌డ్రైవ్, ఇంకోటి కావాలంటే మళ్లీ ఫార్మాట్, మళ్లీ రైట్ చేయడం, మళ్లీ పదిహేను నిమిషాలు గోడకేసి చూడటం. వెంటాయ్ ఆ గోలంతా తీసేసింది. ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే పెన్‌డ్రైవ్ రెండు పార్టిషన్లు (విడి భాగాలు) అవుతుంది. పెద్దది ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో మన కోసం, చివర్లో 32 ఎంబీల చిన్నది దాని సొంత బూట్ ఫైళ్ల కోసం. ఇక ఐఎస్‌ఓ ఫైళ్లని మామూలు ఫైళ్లలాగే ఆ పెద్ద పార్టిషన్‌లోకి కాపీ చేసుకోవడమే. బూట్ చేస్తే అన్నీ వరసగా మెనూలో కనిపిస్తాయి, ఫోల్డర్లలో పెట్టుకున్నా వెతుక్కుని చూపిస్తుంది, పక్కన మీ పీడీఎఫ్‌లు, డ్రైవర్లు పెట్టుకున్నా పట్టించుకోదు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు అప్‌డేట్ నొక్కితే ఆ చిన్న పార్టిషన్ మాత్రమే మారుతుంది, మన ఐఎస్‌ఓలు ఎక్కడివి అక్కడే ఉంటాయి. నాకు బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే ఇలాంటి పెన్‌డ్రైవ్‌లు నెలల తరబడి సొరుగులో పడుంటాయి, అవసరం వచ్చినరోజు ఐఎస్‌ఓ పాతదైపోయి ఉంటుంది, అప్పుడు పాత ఫైల్ డిలీట్ చేసి కొత్తది వేస్తే సరిపోవాలి గానీ మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు.

మెనూలో ఏదైనా ఐఎస్‌ఓ ఎంచుకుంటే వెంటనే బూట్ అవదు, ఇంకో చిన్న మెనూ వస్తుంది. నార్మల్ మోడ్, గ్రబ్2 మోడ్, విండోస్ ఐఎస్‌ఓ అయితే విమ్‌బూట్ మోడ్ కూడా. నార్మల్‌లో ఎక్కకపోతే రెండోది, అదీ కాకపోతే మూడోది, అంతేగానీ మొదటిసారి ఆగిపోగానే ఐఎస్‌ఓ పాడైందని తేల్చేయొద్దు. నిజంగా పాడైందేమో అనే అనుమానం ఉంటే ఫైల్ చెక్‌సమ్ (ఫైల్ మారలేదని పోల్చి చూసుకునే కోడ్) చూసుకునే ఆప్షన్ కూడా అక్కడే ఉంది. డౌన్‌లోడ్ సగంలో తెగిన ఫైల్‌తో కుస్తీ పట్టేవాళ్లకి ఇది పెద్ద ఉపశమనం.

సెక్యూర్ బూట్ (గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్‌లనే బూట్ అవనిచ్చే సెట్టింగ్) దగ్గర మాత్రం కొత్తవాళ్లు కంగారు పడతారు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న మెషీన్‌లో మొదటిసారి పెట్టగానే వెరిఫికేషన్ ఫెయిల్డ్, సెక్యూరిటీ వయొలేషన్ అని ఒక డబ్బా వస్తుంది. ఏదో వైరస్ పట్టుకుందనుకుని పెన్‌డ్రైవ్ పీకేసినవాళ్లున్నారు. పీకొద్దు. ఓకే కొట్టి, తర్వాతి స్క్రీన్‌లో ఎన్‌రోల్ కీ ఫ్రమ్ డిస్క్ ఎంచుకుని, వీటీఓవైఈఎఫ్ఐ అనే పార్టిషన్‌లోకి వెళ్తే, ఈ కీని ఎన్‌రోల్ చేయండి అని పేరులోనే రాసి ఉన్న ఫైల్ ఒకటి ఉంటుంది. దాన్ని ఎంచుకుని కంటిన్యూ, యెస్, రీబూట్. ఆ మెషీన్‌కి ఇక మళ్లీ అడగదు. కానీ ఇక్కడ ఒక విషయం ఆలోచించుకోండి, మీరు ఆ మెషీన్ ఫర్మ్‌వేర్‌లో (మదర్‌బోర్డ్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్) ఒక కొత్త కీని శాశ్వతంగా పెట్టి వస్తున్నారు. మీ సొంత లాప్‌టాప్ అయితే ఏం పర్లేదు, ఆఫీసు మెషీన్ అయితే ముందు అడిగి చేయండి.

వెంటాయ్ మీద ఉన్న అసలు ఫిర్యాదు వేరే ఉంది. ఓపెన్ సోర్సే గానీ, సోర్స్‌లో ముందే కంపైల్ చేసిన బైనరీ ఫైళ్లు చాలా ఉన్నాయి. 2024లో ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే కంప్రెషన్ టూల్‌లో బ్యాక్‌డోర్ (దొంగదారి) బయటపడ్డాక జనానికి భయం పట్టుకుంది, ఈ బైనరీలు ఎక్కడివి, ఎలా తయారయ్యాయి అని గట్టిగా అడగడం మొదలైంది. న్యాయమైన ప్రశ్నే. అందులో ఏదో దొంగతనం ఉందని ఎవరూ నిరూపించలేదు, అలాగని బూట్ అయ్యే ప్రతి ఓఎస్‌కీ ముందు నిలబడే ప్రోగ్రామ్ మీద ఆమాత్రం అనుమానం ఉండటం తప్పూ కాదు. నా పద్ధతి చెప్తా: రిపేర్లకి, టెస్టింగ్‌కి వెంటాయ్. రేపటినుంచి నలుగురి లెక్కలూ పాస్‌వర్డ్‌లూ ఉండబోయే మెషీన్‌లో ఓఎస్ వేయాలంటే, ఒరిజినల్ ఐఎస్‌ఓని నేరుగా రైట్ చేసిన వేరే పెన్‌డ్రైవ్.

రూఫస్ 2011 నుంచి ఉంది, ఇప్పటికీ ఒకే ఒక్క చిన్న ఈఎక్స్ఈ ఫైల్, ఇన్‌స్టాల్ చేసే పనే లేదు. విండోస్‌లో మాత్రమే నడుస్తుంది, అదొక్కటే లోటు. దీని గొప్పతనం విండోస్ ఐఎస్‌ఓ వేసేటప్పుడు తెలుస్తుంది. ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదు, ఈమధ్య విండోస్ ఐఎస్‌ఓల్లో ఇన్‌స్టాల్ డాట్ విమ్ (అసలు విండోస్ అంతా ఉండే ఫైల్) ఒక్కటే అంతకంటే పెద్దదిగా ఉంటోంది, పోనీ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో వేద్దామంటే చాలా యూఈఎఫ్ఐ (పాత బయాస్ స్థానంలో వచ్చినది) ఫర్మ్‌వేర్‌లు దాన్ని చదవలేవు. రూఫస్ ఏం చేస్తుందంటే, ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్ పక్కనే ఒక బుల్లి పార్టిషన్ పెట్టి, అందులోంచి ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవర్ లోడ్ చేయించి, అప్పుడు విండోస్ సెటప్‌ని లేపుతుంది. మనకి ఇదేం కనబడదు, స్టార్ట్ నొక్కితే అయిపోతుంది. ఇదే పని చేత్తో చేయాలంటే డిజమ్ కమాండ్‌తో ఆ విమ్ ఫైల్‌ని ముక్కలు చేసుకుంటూ కూర్చోవాలి.

విండోస్ 11 అయితే స్టార్ట్ నొక్కగానే కొన్ని టిక్ బాక్సులు వస్తాయి. టీపీఎం (సెక్యూరిటీ చిప్), సెక్యూర్ బూట్, ర్యామ్ షరతులు తీసేయడం, ఆన్‌లైన్ అకౌంట్ అడగకుండా చేయడం, లోకల్ అకౌంట్ ముందే పెట్టేయడం, బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవకుండా ఆపడం. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది కదా, పాత మెషీన్లున్నవాళ్లంతా ఈ మొదటి టిక్ కోసమే రూఫస్ దగ్గరికి వస్తున్నారు. పని చేస్తుంది. అయితే షరతులకి సరిపోని మెషీన్‌కి ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేట్లు మామూలుగా వస్తాయనే గ్యారంటీ లేదు, వాటికోసం మళ్లీ ఇలాగే పెన్‌డ్రైవ్ చేసుకోవాల్సి రావచ్చు, అది తెలిసే దిగండి. లైనక్స్ ఐఎస్‌ఓలకి రూఫస్ ఐఎస్‌ఓ మోడా (ఫైళ్లుగా కాపీ), డీడీ మోడా (ఇమేజ్‌ని ఉన్నదున్నట్టు రాయడం) అని అడుగుతుంది. ముందు ఐఎస్‌ఓ మోడ్, బూట్ అవకపోతే డీడీ మోడ్.

ఇదే పనికి ఎచర్ అనే ఇంకో ప్రోగ్రామ్ ఉంది, అందంగా ఉంటుంది, మూడే బటన్లు, రాసింది సరిగ్గా పడిందో లేదో మళ్లీ చదివి చూస్తుంది, పొరపాటున సిస్టమ్ డిస్క్ ఎంచుకోకుండా అడ్డుపడుతుంది. కానీ ఇంత చిన్న పనికి వంద ఎంబీలు దాటిన సాఫ్ట్‌వేరా? పైగా విండోస్ ఐఎస్‌ఓలు దీనితో కుదరవు. కంప్యూటర్ అంటే భయపడే బంధువుకి ఫోన్‌లో చెప్పి చేయించాల్సి వస్తే వాడతా, లేకపోతే లేదు.

ఇక డీడీ. 1970ల యూనిక్స్ కాలంనాటి కమాండ్, ఇప్పటికీ అలాగే ఉంది. ఇన్‌పుట్ ఫైల్ ఇది, అవుట్‌పుట్ ఇది, బ్లాక్ సైజు ఇంత అని చెప్తే చాలు, రాసుకుంటూ పోతుంది. ఏ డిస్క్ మీద రాయమంటే ఆ డిస్క్ మీద రాసేస్తుంది, "మీకు ఖాయమేనా" అని అడగడం దానికి తెలీదు. పెన్‌డ్రైవ్ ఎస్‌డీబీ అనుకుని ఎంటర్ కొడతారు, తీరా ఆరోజు ఎస్‌డీబీ అంటే ఫోటోలన్నీ ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్ అయి ఉంటుంది. ఈ పేర్లు డిస్కులు దొరికిన వరసని బట్టి వస్తాయి, రీబూట్ చేస్తే మారిపోవచ్చు. అందుకే ముందు డిస్కుల లిస్ట్ చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి సైజూ మోడలూ చూడండి. ఇంకా మంచి పద్ధతి, డెవ్ కింద డిస్క్ ఫోల్డర్‌లో బై-ఐడీ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో ప్రతి డిస్క్‌కీ కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్ కలిపిన పొడుగాటి పేరు ఉంటుంది. అవుట్‌పుట్ దగ్గర ఆ పేరే ఇవ్వండి, ట్యాబ్ నొక్కితే అదే పూర్తవుతుంది. పొడుగుగా ఉంటుంది, చూడ్డానికి విసుగ్గా ఉంటుంది, కానీ ఆ పేరు కళ్లారా చదివాక తప్పు డిస్క్ మీద రాయడం కష్టం. పార్టిషన్ నంబర్ తగిలించకూడదు, మొత్తం డిస్క్ పేరే ఇవ్వాలి.

స్టేటస్ దగ్గర ప్రోగ్రెస్ అని పెట్టడం మర్చిపోవద్దు, అది 2015లో వచ్చింది, అంతకుముందు డీడీ నడుస్తోందో చచ్చిందో తెలియక టెన్షన్‌తో చావాల్సి వచ్చేది. కన్వ్ దగ్గర ఎఫ్‌సింక్ కూడా పెట్టండి. అది లేకపోతే డేటా ఇంకా ర్యామ్‌లో ఉండగానే ప్రాంప్ట్ వచ్చేస్తుంది, అయిపోయిందనుకుని పెన్‌డ్రైవ్ పీకేస్తే సగమే పడి ఉంటుంది. ఇంకో సంగతి, చాలా లైనక్స్ ఐఎస్‌ఓలకి అసలు డీడీ కూడా అక్కర్లేదు, మామూలు సీపీ కమాండ్‌తో ఐఎస్‌ఓని డిస్క్ పేరు మీదకి కాపీ చేసినా అంతే ఫలితం. డీడీ పేరు చెప్పి గొప్పలు పోయేవాళ్ల ముందు ఇది అని చూడండి, మొహాలు చూడాలి.

ఇలా రాసిన పెన్‌డ్రైవ్‌ని తర్వాత విండోస్‌లో పెడితే 64 జీబీది కాస్తా నాలుగైదు ఎంబీలుగానో, ఫార్మాట్ చేయమంటూనో కనిపిస్తుంది. పాడవలేదు, పారేయకండి. అడ్మిన్‌గా డిస్క్‌పార్ట్ తెరిచి లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్, క్లీన్, తర్వాత పార్టిషన్, ఫార్మాట్. సెలెక్ట్ చేశాక క్లీన్ కొట్టేముందు ఇంకోసారి లిస్ట్ డిస్క్ కొట్టండి, ఎంచుకున్న డిస్క్ పక్కన చిన్న నక్షత్రం గుర్తు వస్తుంది, అది ఏ లైన్‌లో ఉందో, ఆ లైన్‌లో సైజు ఎంతుందో చూసుకుని అప్పుడు క్లీన్. డిస్క్‌పార్ట్ కూడా డీడీ లాంటిదే, మళ్లీ అడగదు.

వెంటాయ్‌లో ఏ ఐఎస్‌ఓలు పెట్టుకోవాలంటే, నా లిస్టులో మొదటిది సిస్టమ్‌రెస్క్యూ, రిపేర్లకోసం చేసిన లైనక్స్. 2019 నుంచి ఆర్చ్ లైనక్స్ మీద నడుస్తోంది. బూట్ అయితే నేరుగా రూట్ ప్రాంప్ట్ (అన్ని అధికారాలూ ఉన్న కమాండ్ లైన్), గ్రాఫిక్స్ కావాలంటే స్టార్ట్ఎక్స్ కొట్టాలి. కాపీటుర్యామ్ ఆప్షన్‌తో బూట్ చేస్తే మొత్తం ర్యామ్‌లోకి ఎక్కేస్తుంది. దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో లోపలికి వెళ్లి పని చేద్దామనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, ఇందులో ఫైర్‌వాల్ మొదటినుంచే ఆన్‌లో ఉంటుంది, బూట్ లైన్‌లో నోఫైర్‌వాల్ అని చేర్చి, రూట్‌కి పాస్‌వర్డ్ పెట్టాలి, లేకపోతే కనెక్ట్ అవట్లేదని నెట్‌వర్క్ కేబుల్‌ని తిట్టుకుంటూ కూర్చుంటారు.

డిస్క్ అనుమానంగా ఉన్న మెషీన్ వస్తే మొదటి కమాండ్ ఎప్పుడూ డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్. పైన పాస్డ్ అని కనిపించగానే సంబరపడొద్దు, పోయే డిస్కులు కూడా పాస్డ్ అనే చెప్తాయి. హార్డ్ డిస్క్ అయితే రీఅలొకేటెడ్ సెక్టార్, కరెంట్ పెండింగ్ సెక్టార్ అనే రెండు లైన్లలో చివరి అంకె చూడండి. పెండింగ్ సున్నా కాకుండా ఉంటే అది చదవలేకపోతున్న సెక్టార్ల లెక్క. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ అయితే పర్సెంటేజ్ యూజ్డ్, మీడియా అండ్ డేటా ఇంటెగ్రిటీ ఎర్రర్స్ చూడాలి. ఇక్కడ చాలామంది చేసే పని, అలవాటుగా చెక్‌డిస్క్ (విండోస్ డిస్క్ రిపేర్ టూల్) నడపడం. పోతున్న డిస్క్ మీద చెక్‌డిస్క్ రిపేర్ నడపడం అంటే కాలు విరిగినవాణ్ని పరిగెత్తించడమే. ముందు డేటా బయటికి తీయాలి, తర్వాతే ఏదైనా.

ఆ పనికి డీడీరెస్క్యూని మించింది నేను చూడలేదు. డీడీ చెడ్డ సెక్టార్ తగిలితే ఆగిపోతుంది, ఇది మాత్రం దాన్ని పక్కనపెట్టి ముందుకెళ్తుంది, బాగున్నదంతా ముందు లాగేసి, మొండి భాగాల దగ్గరికి చివర్లో వస్తుంది. మూడు పేర్లు ఇవ్వాలి: మొదట పాడైన డిస్క్, తర్వాత కాపీ ఎక్కడికి, చివర్లో మ్యాప్‌ఫైల్. ఆ మూడోది ఇవ్వకపోయినా నడుస్తుంది, కానీ ఇవ్వకుండా నడపొద్దు. ఎక్కడిదాకా చదివిందీ, ఏవి మిగిలిందీ అందులోనే రాసుకుంటుంది, మధ్యలో కరెంట్ పోయినా, డిస్క్ వేడెక్కి ఆపాల్సి వచ్చినా, మళ్లీ అదే కమాండ్ కొడితే ఆగినచోటనుంచే మొదలవుతుంది. మొదటి విడత మైనస్ ఎన్ పెట్టి మొండి భాగాలు గీకకుండా వదిలేయమనండి, రెండో విడత అది తీసేసి మైనస్ ఆర్ 3 పెట్టండి. స్క్రీన్ మీద రెస్క్యూడ్ శాతం చకచకా పెరిగి 99 దగ్గరికొచ్చి, ఆ చివరి కొసరు దగ్గర గంటలు గంటలు నిలబడిపోతుంది. అక్కడ ఓపిక పట్టాలి. తర్వాత పోయిన పార్టిషన్లు, ఫైళ్లు వెతికే టెస్ట్‌డిస్క్ అయినా ఫోటోరెక్ అయినా ఆ కాపీ మీదే నడపండి, ఒరిజినల్‌ని ఇక ముట్టుకోవద్దు. కాపీ పెట్టే డిస్క్‌లో పాడైన డిస్క్ మొత్తం సైజుకి సరిపడా చోటు ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

బాగున్న డిస్క్‌ని కొత్త ఎస్ఎస్‌డీకి మార్చడానికి అయితే క్లోన్‌జిల్లా. మెనూలు పాతకాలం నీలి స్క్రీన్, ప్రశ్నలు బోలెడు అడుగుతుంది, కానీ వాడిన బ్లాకులే కాపీ చేస్తుంది కాబట్టి త్వరగా అయిపోతుంది. అర్థంకాని ఫైల్ సిస్టమ్ తగిలితే సెక్టార్ సెక్టార్ కాపీ చేస్తుంది, అప్పుడు మాత్రం టైమ్ పడుతుంది. కొత్త డిస్క్ పాతదానికంటే చిన్నదైతే మామూలుగా ఒప్పుకోదు. అన్ని ప్రశ్నలూ అయ్యాక, మీరు ఎంచుకున్నవన్నీ కలిపి ఒకే కమాండ్‌గా చూపిస్తుంది. ఫోటో తీసి పెట్టుకోండి, వచ్చేసారి పది మెషీన్లకి చేయాల్సి వస్తే మెనూల్లో తిరగకుండా ఆ లైన్ ఒక్కటే కొట్టొచ్చు.

ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ చిన్న ఫైల్, ఆలోచించకుండా వేసుకోండి, 2022లో వచ్చిన 6వ వెర్షన్ నుంచి యూఈఎఫ్ఐ మెషీన్లలోనూ నడుస్తుంది. విండోస్ వాతావరణమే అలవాటైనవాళ్లకి హైరెన్స్ బూట్‌సీడీ పీఈ బాగుంటుంది, పాత హైరెన్స్ 2012లో 15.2తో ఆగిపోయింది, ఇప్పుడున్నది వేరేవాళ్లు విండోస్ పీఈ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే చిన్న విండోస్) మీద కట్టింది.

విండోస్‌లోపలి కమాండ్లలో రోబోకాపీ ఒక్కదాని గురించి చెప్పి తీరాలి. కాపీకి దీన్ని మించింది లేదు, కానీ ఒక ఫైల్ కాపీ అవకపోతే డిఫాల్ట్‌గా పది లక్షలసార్లు ప్రయత్నిస్తుంది, ప్రతిసారికీ మధ్య 30 సెకన్లు ఆగుతుంది. లెక్కేస్తే ఒక్క ఫైల్‌కి దాదాపు ఏడాది! ఎవరు పెట్టారో ఆ డిఫాల్ట్. స్లాష్ ఆర్ 1, స్లాష్ డబ్ల్యూ 1 పెట్టకుండా నడపొద్దు. మిర్ అనే ఆప్షన్ కాపీ పడే ఫోల్డర్‌లో అదనంగా ఉన్నవన్నీ డిలీట్ చేస్తుంది, అది అర్థమయ్యేదాకా వాడొద్దు. బయాస్‌లోకి వెళ్లడానికి ఎఫ్2నా, డెల్‌నా, ఎఫ్12నా అని కీబోర్డ్ వాయించేవాళ్లకి ఇంకో చిట్కా: విండోస్ లేస్తున్న యూఈఎఫ్ఐ మెషీన్ అయితే అడ్మిన్ ప్రాంప్ట్‌లో షట్‌డౌన్ కమాండ్‌కి స్లాష్ ఆర్, స్లాష్ ఎఫ్‌డబ్ల్యూ, స్లాష్ టీ 0 ఇస్తే నేరుగా అక్కడికే రీబూట్ అవుతుంది.

కానీ బయాస్‌లో ఏదైనా మార్చేముందు బిట్‌లాకర్ ఉందో లేదో చూడండి. మేనేజ్-బీడీఈ మైనస్ స్టేటస్ కొడితే తెలుస్తుంది. ఉంటే సెక్యూర్ బూట్ ఆపినా, కొన్నిసార్లు బూట్ ఆర్డర్ మార్చినా, తర్వాత విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. చాలామందికి తమ లాప్‌టాప్‌లో ఎన్‌క్రిప్షన్ ఉందనే తెలీదు, ఆ స్క్రీన్ చూశాక గుండె గుభేల్‌మంటుంది. కీ దగ్గర లేకపోతే పెన్‌డ్రైవ్‌లో ఎన్ని ఐఎస్‌ఓలున్నా లోపలి డేటా రాదు. అలాగే విండోస్ ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా అది సగం నిద్రే, లైనక్స్ నుంచి ఆ డ్రైవ్ మీద రాయనివ్వదు. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ చేస్తే పూర్తిగా ఆగుతుంది. కొన్ని ఇంటెల్ లాప్‌టాప్‌లలో విండోస్ సెటప్‌కి డిస్కే కనబడదు, ఖాళీ లిస్టు చూపిస్తుంది. వీఎండీ (ఇంటెల్ స్టోరేజ్ సెట్టింగ్) ఆన్‌లో ఉండటం వల్ల అలా అవుతుంది, డిస్క్ పోవడం వల్ల కాదు. ఆ డ్రైవర్ ఫోల్డర్‌ని విప్పి వెంటాయ్ పార్టిషన్‌లోనే పెట్టుకుని తిరగండి, సెటప్‌లో లోడ్ డ్రైవర్ నొక్కి చూపిస్తే డిస్క్ ప్రత్యక్షమవుతుంది.

ఇంత చేశాక పెన్‌డ్రైవే దొంగదైతే ఏం లాభం. 256 అని రాసి లోపల 16 జీబీ పెట్టి అమ్మేవి బోలెడు, నిండేదాకా బయటపడవు, నిండాక ముందువాటి మీదే తిరగరాస్తాయి, మెనూలో ఐఎస్‌ఓ పేరు కనిపిస్తుంది గానీ బూట్ అవదు. కొనగానే లైనక్స్‌లో ఎఫ్3, విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ఒకసారి నడిపి, అప్పుడు వెంటాయ్ వేసుకోండి. పైన చెప్పినవన్నీ వేసుకుని, రెండు విండోస్ ఐఎస్‌ఓలు పెట్టుకున్నా 32 జీబీలో సర్దుకోవచ్చు, 64 అయితే డ్రైవర్లకి కూడా చోటు మిగులుతుంది. యూఎస్‌బీ 3ది తీసుకోండి, 2లో విండోస్ సెటప్ లోడ్ అయ్యేలోపు టీ తాగి రావచ్చు.